జపనీస్ పార్టికల్స్ ప్రాక్టీస్‌కి ఏ దారి ఎవరికి: 'ని'నా, 'దె'నా, 'గ'నా అని ఆగిపోయేవాళ్ల కోసం

జపనీస్ మొదలుపెట్టిన రెండు మూడు నెలలకి దాదాపు అందరూ ఒకే చోట ఆగుతారు. హిరగాన లిపి చదవడం వస్తుంది, ఓ మూడొందల పదాలు నోటికి వస్తాయి, క్రియ చివర 'మస్', 'మషిత' మార్చడం కూడా వస్తుంది. కానీ వాక్యం చెప్పబోయేసరికి మధ్యలో పార్టికల్ దగ్గర, అంటే మన విభక్తిలా పదం వెనక వచ్చే ఆ చిన్న ముక్క దగ్గర, 'ని' పెట్టాలా 'దె' పెట్టాలా అని గొంతు ఆగిపోతుంది. "దీనికి మంచి యాప్ ఏదైనా చెప్పండి" అని నన్ను చాలామంది అడిగారు. గత నాలుగేళ్లలో నేను యాప్‌లు వాడాను, వర్క్‌బుక్‌లు పూర్తి చేశాను, ట్యూటర్లకి డబ్బు కట్టాను, రాత్రిళ్లు మూడు లైన్ల డైరీ రాసి పరిచయం లేని జపాన్‌ వాళ్లతో దిద్దించుకున్నాను. అందుకే ఒక్క యాప్ పేరు చెప్పి వదిలేయకుండా, ఏది ఎవరికి పనికొస్తుందో వివరంగా రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పద్ధతి ఏదైనా అందులో రెండు విషయాలు ఉన్నాయో లేదో చూడండి. ఒకటి, పార్టికల్‌ని మీరే గుర్తు తెచ్చుకుని రాయాలి లేదా పలకాలి, కళ్లెదురుగా ఉన్న నాలుగు ఆప్షన్లలోంచి ఏరుకుంటే లెక్కలోకి రాదు. రెండు, తప్పు పెట్టినప్పుడు అది తప్పని మీకు తెలిసే ఏర్పాటు ఉండాలి. ఈ రెండిట్లో ఏది లేకపోయినా టైమ్ గడుస్తుంది, స్కోరు పెరుగుతుంది, మాట్లాడేటప్పుడు మాత్రం మళ్లీ అక్కడే ఆగుతారు.

ఇంకో మాట, ఇది తెలుగువాళ్లకి ప్రత్యేకం. నేను మొదట చేరిన కోచింగ్ సెంటర్‌లో పార్టికల్స్ అన్నీ ఒకే క్లాసులో బోర్డు మీద టేబుల్ గీసి చెప్పేశారు. 'ని' ఎదురుగా టు, యాట్, ఇన్, ఆన్, ఫ్రమ్, బై అని ఆరు ఇంగ్లిష్ మాటలు రాశారు. ఆ టేబుల్ బట్టీ పట్టి నేను ఆరు నెలలు పోగొట్టుకున్నాను. జపనీస్ మన భాషలాగే కర్త, కర్మ, క్రియ వరసలో నడుస్తుంది, పార్టికల్ మన విభక్తి లాగే పదం వెనకాల అతుక్కుంటుంది. స్కూల్లో "డు ము వు లు ప్రథమా విభక్తి, నిన్ నున్ లన్ కూర్చి గురించి ద్వితీయా విభక్తి" అని వల్లించిన మనం, ఇంగ్లిష్ చుట్టూ తిరిగి జపనీస్‌లోకి రావాల్సిన పనే లేదు. 'షిచిజి ని ఒకిమస్', ఏడింటికి లేస్తాను. 'టోక్యో ని ఇకిమస్', టోక్యోకి వెళ్తాను. 'ఇమోతొ ని హొన్ ఒ అగెమషిత', చెల్లికి పుస్తకం ఇచ్చాను. మూడు చోట్లా మన 'కి'నే. 'కర' అంటే నుంచి, 'మదె' అంటే దాకా, 'యొరి' అంటే కంటే, 'మొ' అంటే కూడా. 'ఇకు తొ ఈమషిత' అంటే "వెళ్తానని అన్నాడు", ఆ 'తొ' సరిగ్గా మన 'అని' చేసే పనే చేస్తోంది. 'నెకొ గ సుకి దెస్' దగ్గర ఇంగ్లిష్ నుంచి వచ్చేవాళ్లు పిల్లిని కర్మ అనుకుని 'ఒ' పెట్టేస్తారు, మనకి "పిల్లులు ఇష్టం" అన్నప్పుడు 'ని' రాదు కాబట్టి ఆ తప్పు చేయాలన్నా రాదు. 'అతమ గ ఇతై', తల నొప్పిగా ఉంది. ఇదంతా మనకి ఉచితంగా వచ్చిన ఆస్తి.

కాబట్టి ప్రాక్టీస్ టైమ్ మొత్తం తెలుగు దారి తప్పించే చోట్ల పెట్టాలి. అలాంటివి నాకు తెలిసి నాలుగున్నాయి. ఏ పద్ధతి ఎంచుకున్నా ఈ నాలుగూ అందులో తగులుతున్నాయో లేదో చూసుకోవాలి, అందుకే ముందు ఇవి.

మొదటిది 'లో'. తెలుగులో ఒక్క 'లో' ఉన్న చోట జపనీస్‌లో మూడు ఉన్నాయి. ఇంట్లో ఉన్నాను అంటే 'ఉచి ని ఇమస్'. ఇంట్లో తిన్నాను అంటే 'ఉచి దె తబెమషిత'. పార్కులో నడిచాను అంటే 'కోఎన్ ఒ అరుకిమషిత'. ఉండటం, నివసించడం, సంచిలో పెట్టడం, కుర్చీలో కూర్చోవడం, అంటే వస్తువో మనిషో ఒక చోట చేరి నిలిచేవన్నీ 'ని'. అక్కడ ఏదో ఒక పని జరిగితే 'దె'. ఆ చోటుగుండా కదిలి వెళ్తే 'ఒ'. బస్సులో వెళ్లాను, జపనీస్‌లో మాట్లాడాను అన్నప్పుడు ఆ 'లో' సాధనం కాబట్టి మళ్లీ 'దె'.

రెండోది మన 'ని'. ఇది అన్నిటికన్నా మోసం చేసేది. తెలుగు 'ని' ద్వితీయ, జపనీస్ 'ని' ఎక్కువగా మన 'కి'. శబ్దం ఒకటే, పని వేరు. స్నేహితుణ్ణి కలిశాను అన్నప్పుడు మన బుర్రలో ద్వితీయ వెలుగుతుంది, ద్వితీయ అంటే 'ఒ' అని నేర్చుకున్నాం కదా, 'తొమొదచి ఒ ఐమషిత' అనేస్తాం. అది తప్పు, 'తొమొదచి ని ఐమషిత' అనాలి. టీచర్‌ని అడిగాను, 'సెన్సే ని కికిమషిత'. బస్సు ఎక్కాను, 'బసు ని నొరిమషిత'. అదే బస్సు దిగితే 'బసు ఒ ఒరిమషిత'. ఎక్కడానికి 'ని', దిగడానికి 'ఒ' ఎందుకంటే, ఎక్కినప్పుడు చేరే చోటు బస్సు, దిగినప్పుడు విడిచిపెట్టే చోటు బస్సు. ఇల్లు విడిచి బయల్దేరినా అదే 'ఒ' వస్తుంది.

మూడోది, మనం వస్తువుల దగ్గర విభక్తి పెట్టం. "పుస్తకం చదివాను" అంటాం, "పుస్తకాన్ని చదివాను" అని మామూలుగా అనం. అందుకే జపనీస్ రాసేటప్పుడు 'హొన్' తర్వాత 'ఒ' రాయడం మర్చిపోతాం. మాట్లాడేటప్పుడు జపాన్ వాళ్లు కూడా దాన్ని వదిలేస్తారు, 'గొహన్ తబెత?' అంటే అచ్చం మన "అన్నం తిన్నావా?" లాగే ఉంటుంది. పరీక్షలో, మెయిల్‌లో మాత్రం వదిలేస్తే కుదరదు.

నాలుగోది 'వ'కీ 'గ'కీ తేడా. దీని మీద పెద్ద పెద్ద వ్యాసాలు ఉంటాయి. మొదట్లో నాకు ఎక్కువ సాయపడింది మన 'ఏ'. తెలుగులో "నేనే చేశాను", "ఇదే కావాలి" అని 'ఏ' తగిలించగలిగిన చోట ఎక్కువగా 'గ' వస్తుంది. 'వతషి గ యరిమషిత' అంటే నేనే చేశాను. ఎవరు, ఏది అనే ప్రశ్నపదం కర్తగా ఉంటే 'గ' ఖాయం, 'దరె గ కిమషిత క', ఎవరు వచ్చారు. అప్పటికే మాటల్లో ఉన్న విషయం గురించి ఏదో చెప్తుంటే 'వ'. ఈ 'ఏ' పరీక్ష అన్ని చోట్లా పనిచేయదు, 'పిల్లులు ఇష్టం' లాంటి చోట్ల 'ఏ' లేకుండానే 'గ' వస్తుంది, కానీ మొదటి ఏడాదికి మంచి ఊతకర్ర.

ఒక్క పార్టికల్ తేడా ఎంత పని చేస్తుందో ఒక్క సంఘటన చెప్తాను, ఇది 'దె'కీ 'గ'కీ మధ్య. జపాన్‌లో మా పక్కింటి పెద్దావిడ ఓసారి టీకి పిలిచి, కాఫీనా గ్రీన్ టీనా అని అడిగింది. నేను వినయంగా అనుకుని 'ఒచ దె ఈదెస్' అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు, టీ ఇచ్చింది. ఆ తర్వాత వారం మా ట్యూటర్‌కి ఇది చెప్తే ఆమె పెన్ను పక్కన పెట్టి, "'దె ఈ' అంటే, ఇంకేం లేకపోతే టీ అయినా చాల్లే అన్నట్టు వినిపిస్తుంది, 'గ ఈ' అనాల్సింది" అంది. 'ఒచ గ ఈదెస్', నాకు టీనే కావాలి. ఒక్క అక్షరం మారితే, ప్రేమగా పిలిచిన మనిషి ముందు మాట చిన్నబుచ్చినట్టు అవుతుంది. ఆ రోజు నుంచి పార్టికల్స్‌ని పరీక్ష మార్కుల లెక్కగా చూడటం మానేశాను.

ఇక పద్ధతులు.

డ్యూయోలింగో లాంటి యాప్‌లతో మొదలుపెడతాను, ఎందుకంటే అందరి ఫోన్లో ముందు ఉండేది అదే. రోజూ ఫోన్ తీసి జపనీస్ ముట్టుకునే అలవాటు చేయడంలో దానికి సాటి లేదు, హిరగానకి బాగుంటుంది. పార్టికల్స్‌కి మాత్రం నేను దాన్ని ఎంచుకోను. చాలా ప్రశ్నల్లో పదాల ముక్కలు ఇచ్చి వరసలో నొక్కమంటుంది. ఆ ముక్కల్లో 'ని' ఒక్కటే ఉంటే మీరు ఆలోచించాల్సిన పనే లేదు, మిగిలింది అదే కాబట్టి అదే నొక్కుతారు. ఎందుకు 'ని' వచ్చిందో కూడా సరిగా అర్థం కాదు. ఏడాది పాటు ఒక్క రోజు కూడా మానకుండా స్ట్రీక్ పెట్టుకున్న మనిషి కూడా 'తొమొదచి ఒ' అనడం నేను విన్నాను. పూర్తిగా మానేయమనడం లేదు, అది చేసినంత మాత్రాన పార్టికల్స్ ప్రాక్టీస్ అయిపోయిందని మాత్రం లెక్క వేసుకోవద్దు.

వర్క్‌బుక్‌లు పాత పద్ధతే అయినా నాకు వాటి మీద గౌరవం ఎక్కువ. మన దగ్గర క్లాసుల్లో తరచూ కనిపించేది 'మిన్నా నొ నిహొంగొ', సొంతంగా చదివేవాళ్లలో 'గెన్‌కి' ఎక్కువ. మిన్నా మొదటి భాగం 25 పాఠాలు, రెండో భాగం ఇంకో 25. పార్టికల్స్‌ని ఒక్కసారిగా కుమ్మరించకుండా విడతలుగా వదులుతుంది. మొదటి పాఠంలో 'వ', 'మొ', 'నొ', ఐదో పాఠంలో వెళ్లడం రావడం, ఆరులో 'ఒ', తొమ్మిదిలో ఇష్టం, అర్థమవడం లాంటి వాటితో 'గ', పదో పాఠంలో ఉండటం. ప్రధాన పుస్తకం మొత్తం జపనీస్‌లోనే ఉంటుంది, వ్యాకరణ వివరణ వేరే పుస్తకంలో ఉంటుంది, అందుకని టీచర్ ఉన్నవాళ్లకి అది బాగా సరిపోతుంది. గెన్‌కిలో వివరణ అక్కడే ఇంగ్లిష్‌లో ఉంటుంది కాబట్టి ఒంటరిగా చదివేవాళ్లకి అది సులువు, మూడో ఎడిషన్ 2020లో వచ్చింది. వీటిలో ఉన్న లోపం ఒకటే. ఆరో పాఠం ఎక్సర్‌సైజ్ చేస్తుంటే ఖాళీల్లో ఎక్కువగా ఆ పాఠం పార్టికల్సే వస్తాయని ముందే తెలిసిపోతుంది. దీనికి నేను చేసిన ఉపాయం, పాఠం చదివిన రోజు ఎక్సర్‌సైజ్ చేయకుండా మూడు పాఠాలు వెనకబడి చేయడం. తొమ్మిది చదువుతూ ఆరువి చేస్తే, అప్పుడు నిజంగా గుర్తు తెచ్చుకోవాల్సి వస్తుంది. పుస్తకంలో పెన్సిల్‌తో రాయండి, చెరిపి మూడు నెలలకి మళ్లీ చేయొచ్చు.

డబ్బు పెట్టలేనివాళ్లకి జపాన్ ఫౌండేషన్ వాళ్ల 'ఇరొదొరి' పుస్తకాలు పీడీఎఫ్‌లుగా, ఆడియోతో సహా ఉచితంగా దొరుకుతాయి. జపాన్‌లో బతకడానికి, పని చేయడానికి కావాల్సిన సంభాషణల మీద నడుస్తాయి. శ్రీసిటీలో డైకిన్, ఇసుజు లాంటి జపాన్ కంపెనీల్లో పనిచేసేవాళ్లకీ, కంది ఐఐటీ నుంచి జపాన్ వెళ్లాలనుకునే పిల్లలకీ నేను ముందు ఇదే చెప్తాను. అదే సంస్థ నడిపే 'మినాతో' సైట్‌లో సొంతంగా చేసుకునే ఆన్‌లైన్ కోర్సులు కూడా ఉచితమే.

ఇప్పుడు అసలైన పోటీ, బన్‌ప్రోకీ అంకికీ మధ్య. బన్‌ప్రో వ్యాకరణం ప్రాక్టీస్ చేయించేది, అంకి ముందు ప్రశ్న, వెనక జవాబు ఉండే కార్డుల యాప్, రెండూ మర్చిపోబోయే సమయానికి మళ్లీ అడిగే పద్ధతి మీదే నడుస్తాయి. బన్‌ప్రోలో వాక్యం ఇస్తారు, మధ్యలో ఖాళీ, పార్టికల్ మీరే టైప్ చేయాలి. నేను చెప్పిన మొదటి షరతు ఇక్కడ పూర్తిగా నెరవేరుతుంది. జేఎల్‌పీటీ అనే జపనీస్ పరీక్షలో మొదటి స్థాయి అయిన ఎన్5 నుంచి పైదాకా వరసగా ఉంటుంది, ప్రతి దానికీ వివరణ ఉంటుంది, మీరు చేయాల్సిందల్లా రోజూ కూర్చోవడం. కొన్నాళ్లు ఉచితంగా చూసి తర్వాత డబ్బు కట్టాలి, వివరణలన్నీ ఇంగ్లిష్‌లోనే, కాబట్టి నేను పైన చెప్పిన ఆ నాలుగు తెలుగు ఇబ్బందులు దానికి తెలియవు. మీరు ఎక్కడ తడబడుతున్నారో మీరే గమనించుకోవాలి.

అంకి కంప్యూటర్‌లో ఉచితం, ఆండ్రాయిడ్‌లో అంకిడ్రాయిడ్ ఉచితం, ఐఫోన్‌లో మాత్రం ఒక్కసారి సుమారు 25 డాలర్లు కట్టాలి. వేరేవాళ్లు చేసిపెట్టిన కార్డుల డెక్‌లు బోలెడు దొరుకుతాయి, పార్టికల్స్‌కి మాత్రం వాటిని దించుకోవద్దని చెప్తాను. మీరు నిజంగా చేసిన తప్పుల నుంచి మీరే కార్డు తయారు చేసుకోవాలి. నా కార్డు ఒకటి చూపిస్తాను. ముందువైపు పైన తెలుగులో "అమ్మని కలిశాను". కింద 'హహ', ఖాళీ, 'ఐమషిత'. ఖాళీ ఒక్కటే, వాక్యం చిన్నది, కొత్త పదం ఒక్కటి కూడా ఉండకూడదు, ఎందుకంటే పదం తెలియక ఆగితే పార్టికల్ పరీక్ష జరగదు. వెనకవైపు 'ని', దాని కింద ఎర్ర రంగులో "ఐమస్: ఎవరిని కలిసినా వాళ్ల వెనక ని". అంతే. ఇలాంటివి నా దగ్గర 180 దాకా అయ్యాయి, రోజుకి ఐదు కొత్తవి మించి పెట్టకూడదని నేర్చుకున్నాను, ఎక్కువ పెట్టిన వారం రివ్యూలు, అంటే మళ్లీ చూడాల్సిన కార్డులు, పేరుకుపోయి టెన్షన్ వచ్చి మొత్తం వదిలేయాలనిపించింది.

అంకిలో ఉన్న ప్రమాదం, పది సార్లు చూశాక కార్డు ముఖం గుర్తుండిపోతుంది, పార్టికల్ కాదు. 'హహ' కనబడగానే చెయ్యి 'ని' కొట్టేస్తుంది. దీనికి మందు, ఒకే క్రియకి రెండు మూడు కార్డులు, ఒకే చోటుకి రెండు క్రియలు. 'తొషొకన్', అంటే లైబ్రరీ, దానితో 'ఇమస్' ఒక కార్డు, 'బెంక్యో షిమస్' ఒక కార్డు. లైబ్రరీలో ఉన్నాను, లైబ్రరీలో చదువుకున్నాను. మొదటిదానికి 'ని', రెండోదానికి 'దె'. చోటు ఒకటే అయినప్పుడు కన్ను తప్పనిసరిగా క్రియ దాకా వెళ్లి వెనక్కి రావాలి. పార్టికల్‌ని నిర్ణయించేది చాలావరకు క్రియే, దాని ముందున్న నామవాచకం కాదు. ఈ ఒక్కటి ఒంటబట్టాక నాకు తప్పులు బాగా తగ్గాయి.

రెండిట్లో ఏది అంటే, కూర్చుని కార్డులు తయారు చేసే ఓపిక ఉందా అని మిమ్మల్ని మీరే అడగండి. వారానికి ఒక గంట ఆ పనికి పెట్టగలిగితే అంకి. లేదంటే బన్‌ప్రో, మొహమాటం లేకుండా డబ్బు కట్టండి. రెండూ కలిపి పెట్టుకుంటే రెండు రివ్యూ కుప్పలు అవుతాయి, నేను ఆ పని చేసి రెండు నెలలకే ఒకటి ఆపేశాను. రెన్షూ అని ఇంకొకటి ఉంది, చాలా భాగం ఉచితం, క్విజ్‌లు రకరకాలుగా ఉంటాయి, డబ్బు కట్టలేక కార్డులు చేసే ఓపికా లేనివాళ్లు అది చూడొచ్చు.

రాసి దిద్దించుకోవడం. అన్నిటిలోకీ నేను దీనికే మొదటి స్థానం ఇస్తాను. లాంగ్‌కరెక్ట్ లాంటి సైట్లలో, హలోటాక్ లాంటి యాప్‌లలో మీరు జపనీస్‌లో రాస్తే జపాన్ వాళ్లు దిద్దుతారు, బదులుగా మీకు బాగా వచ్చిన భాషలో వాళ్లు రాసింది మీరు దిద్దాలి. రోజూ రాత్రి మూడు వాక్యాలు చాలు. ఎక్కడికి వెళ్లాను, ఎవరిని కలిశాను, ఎక్కడ ఏం తిన్నాను. చూడండి, ఆ మూడు మామూలు ప్రశ్నల జవాబుల్లోనే 'కి', 'ని', 'లో' మూడూ వచ్చేస్తాయి. నా రాతల్ని ఎక్కువగా దిద్దింది ఉద్యోగం నుంచి రిటైరైన ఒక పెద్దాయన. ఆయన తప్పు కొట్టేసి పక్కన ఒప్పు రాసి ఊరుకునేవాడు కాదు, నేను పెట్టిన పార్టికల్‌తో వాక్యానికి ఏం అర్థం వస్తుందో కూడా రాసేవాడు. 'కోఎన్ దె అరుకిమషిత' అని నేను రాస్తే, "ఇది తప్పు కాదు, పార్కులో నడక అనే పని చేశావని తెలుస్తోంది, ఒ పెడితే పార్కుగుండా నడిచి వెళ్లావని కనిపిస్తుంది, నీ మనసులో ఏది ఉందో అది రాయి" అన్నాడు. ఇలాంటి జవాబు నాకు ఏ యాప్‌లోనూ దొరకలేదు. ఇబ్బంది ఏంటంటే అందరూ ఇలా దిద్దరు, చాలామంది "జోజు దెస్ నె", బాగా వచ్చే మీకు, అని మెచ్చుకుని వెళ్లిపోతారు, ఒక్కోసారి రెండు రోజులు జవాబే రాదు. అందుకే రాత కింద "పార్టికల్స్ తప్పులు మాత్రం తప్పకుండా చెప్పండి" అని జపనీస్‌లో ఒక లైన్ పెట్టండి, తేడా మీకే కనిపిస్తుంది.

ట్యూటర్ విషయం కూడా దీనికి దగ్గరిదే. ఆన్‌లైన్ ట్యూటర్లు దొరికే ఐటాకి సైట్‌లో మామూలుగా మాట్లాడించేవాళ్లు తక్కువకి, శిక్షణ పొందిన టీచర్లు ఎక్కువకి దొరుకుతారు. పార్టికల్స్ కోసమే అయితే వారం వారం అక్కర్లేదు, నెలకి రెండు క్లాసులు చాలు, కానీ క్లాస్ మొదట్లోనే చెప్పాలి: నేను మాట్లాడుతుంటే మధ్యలో ఆపండి, పార్టికల్ తప్పు పెడితే వెంటనే చెయ్యి ఎత్తండి అని. చెప్పకపోతే వాళ్లు మర్యాదకి ఆపరు. అర్థం అయింది కదా అని వదిలేస్తారు, మనం గంటసేపు బాగా మాట్లాడామనుకుని లేస్తాం.

చాట్‌జీపీటీ లాంటి ఏఐ గురించి ఈ మధ్య ఎక్కువ అడుగుతున్నారు. తెలుగులోనే అడగొచ్చు, అర్ధరాత్రి అడిగినా జవాబిస్తుంది, పది సార్లు అడిగినా విసుక్కోదు. 'ని', 'దె', 'ఒ' లాంటి వాటికి బాగానే దిద్దుతుంది. 'వ', 'గ' దగ్గర మాత్రం జాగ్రత్త, మీరు ఏది పెట్టినా దానికి తగ్గట్టు ఒక కారణం నమ్మకంగా చెప్పేయగలదు. పైగా అడక్కుండానే వాక్యం మొత్తం తిరగరాస్తుంది, అప్పుడు మీ తప్పు ఎక్కడుందో ఆ కొత్త వాక్యంలో మునిగిపోతుంది. అందుకే ఇలా అడగండి: "ఈ మూడు వాక్యాల్లో పార్టికల్ తప్పులు ఉన్న చోటు మాత్రం చూపించు, సరైనది చెప్పకు, మిగతాది మార్చకు." సరైనది మీరే ఆలోచించి పెట్టి, మళ్లీ అడగండి. అనుమానం వస్తే జిషొ డిక్షనరీ సైట్‌లో ఆ క్రియ కొట్టి, ఉదాహరణ వాక్యాల్లో దాని ముందు ఏ పార్టికల్ ఉందో చూడండి, రెండు నిమిషాల పని.

చదవడం, వినడం ఎవరికైనా కావాల్సిందే, కానీ అవి ఒక్కటే పెట్టుకుంటే పార్టికల్స్ రావు. చదివేటప్పుడు పార్టికల్ చూడకుండానే అర్థం తెలిసిపోతుంది, కన్ను దాటేస్తుంది. తదొకు అనే సంస్థ వాళ్లు స్థాయిలవారీగా చేసిన చిన్న కథల పుస్తకాలు వాళ్ల సైట్‌లో ఉచితంగా ఉన్నాయి, అట్టడుగు స్థాయి నుంచి మొదలుపెట్టి, ఒక పేజీ చదివాక పుస్తకం మూసి ఆ పేజీలో వాక్యాలు రెండు గుర్తు తెచ్చుకుని రాయండి, తెరిచి పోల్చుకోండి. అప్పుడు అది ప్రాక్టీస్ అవుతుంది. యానిమే చూసి నేర్చుకుంటామనేవాళ్లకి ఒక్క మాట, మామూలు మాటల్లో 'ఒ', 'వ' చాలాసార్లు ఎగిరిపోతాయి కాబట్టి, వినిపించనిదాన్ని అక్కడ నేర్చుకోలేరు. షాడోయింగ్, అంటే ఆడియో వెనకాలే నీడలా పలకడం, బాగా పనికొస్తుంది, ఒక షరతు మీద. పార్టికల్‌ని ముందు పదానికి అతికించి ఒకే ఊపిరిలో పలకాలి. 'టోక్యోని' అని పలికి, ఆపాలనుకుంటే ఆ తర్వాత ఆపండి. మనం "టోక్యో... కి" అని విడదీసి ఎప్పుడూ అనం కదా, అలాగే.

ఇక ఎవరికి ఏది.

జేఎల్‌పీటీ ఎన్5 రాయబోతున్నవాళ్లు వర్క్‌బుక్‌తో పాటు అంకి గానీ బన్‌ప్రో గానీ పట్టుకోండి. పరీక్షలో మాట్లాడటం, రాయడం ఉండవు, అన్నీ ఆప్షన్లే. మొత్తం 180కి 80 రావాలి, అందులో పదజాలం, వ్యాకరణం, చదవడం కలిపిన 120లో కనీసం 38, వినడం 60లో కనీసం 19 ఉండాలి. వ్యాకరణంలో నక్షత్రం గుర్తు ఉన్న ప్రశ్నలు వస్తాయి, నాలుగు ముక్కలు చెదరగొట్టి ఇచ్చి నక్షత్రం ఉన్న ఖాళీలో ఏది వస్తుందో అడుగుతారు. అక్కడ తెలుగు వరస మనకి బాగా సాయం చేస్తుంది, చివరి క్రియ నుంచి వెనక్కి కట్టుకుంటూ రండి. పరీక్షకి నెల ముందు నుంచి పాత మోడల్ పేపర్లు టైమ్ పెట్టుకుని చేయాలి. డైరీ రాయడం పరీక్ష అయ్యాక మొదలుపెట్టినా ఫర్వాలేదు.

ఇప్పటికే జపాన్‌లో ఉండి ఆఫీసులో నెట్టుకొస్తున్నవాళ్లకి నేను వర్క్‌బుక్ చెప్పను. రాత్రి మూడు వాక్యాలు, నెలకి రెండు ట్యూటర్ క్లాసులు. పగలు కొంబిని, అంటే వీధి చివరి చిన్న దుకాణం, కౌంటర్ దగ్గర, స్టేషన్‌లో, వినబడినది ఒక్కటి జేబు పుస్తకంలో రాసుకోండి. కౌంటర్‌లో 'కాదొ దె' అంటే చాలు, కార్డుతో అని అర్థమైపోతుంది, ఒక్క 'దె' ఎంత బరువు మోస్తుందో అక్కడ తెలుస్తుంది.

రోజుకి బస్సులోనో మెట్రోలోనో దొరికే ఇరవై నిమిషాలు తప్ప వేరే టైమ్ లేనివాళ్లు బన్‌ప్రోకి వెళ్లండి. పిల్లలకి నేర్పాలనుకునే తల్లిదండ్రులు మాత్రం ఏ యాప్ కన్నా ముందు ఇంట్లో ఆట మొదలుపెట్టండి: తెలుగు వాక్యం చెప్పి, "ఇందులో లో ఉంది, ఉండటమా, చేయడమా?" అని అడగండి. ఉండటం అంటే 'ని', చేయడం అంటే 'దె'. మా అన్నయ్య కూతురు తొమ్మిదేళ్లది, అన్నం తింటూ ఈ ఆట ఆడి వారంలో నాకన్నా వేగంగా చెప్పడం మొదలుపెట్టింది.

ఒక్క రూపాయి కూడా పెట్టకుండా చేయాలంటే ఇరొదొరి పీడీఎఫ్, అంకిడ్రాయిడ్, దిద్దించుకోవడానికి లాంగ్‌కరెక్ట్. ఈ మూడూ సరిపోతాయి. ఈ రోజే మొదలుపెట్టాలనుకుంటే మొదటి ఐదు కార్డులు ఇవి చేయండి: కలవడం 'ఐమస్', ఎక్కడం 'నొరిమస్', దిగడం 'ఒరిమస్', నివసించడం 'సుందె ఇమస్', పని చేయడం 'హతరకిమస్'. మీ ఊరి పేరు, మీ బస్సు, మీ వాళ్ల పేర్లు పెట్టి రాసుకోండి. 'గుంటూరు ని సుందె ఇమస్', 'గుంటూరు దె హతరకిమస్'.